అందరూ తాగింది ఆ నీళ్ళే, జబ్బు మాత్రం అత్తగారికే

వరద తీసిన తర్వాత నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొట్ట గురించే ఉంటాయి. ఈ నెలా అంతే. లంకల నుంచి, రాజోలు వైపు నుంచి, కాలవల కిందున్న ఊళ్ళ నుంచి వచ్చిన వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటి రెండింటికి కాస్త వివరంగానే రాయాల్సి వచ్చింది. కోనసీమలో ఇన్నేళ్ళ ప్రాక్టీసులో, చేతులారా తెచ్చుకున్న జబ్బులు ఎక్కువగా చూసింది ఆ రెండు విషయాల్లోనే.

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక. వరదప్పుడు ఇంట్లో అందరం ఒకే బిందెలో నీళ్ళు తాగాం. నాకూ మా ఆయనకూ ఒకపూట కడుపులో నొప్పి వచ్చి పోయింది. పిల్లలకి ఏమీ కాలేదు. మా అత్తగారికి మాత్రం నీళ్ళ విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో చేర్చి సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది. ఆవిడకి షుగరు, బీపీ ఏమీ లేవు. ఏళ్ళ తరబడి పొద్దున్నే ఒక గ్యాస్ బిళ్ళ వేసుకుంటారు, అంతే. ఒకే నీళ్ళు తాగితే ఆవిడకే ఎందుకు వచ్చింది?
– ఒక కోడలు

జవాబు: అమ్మా, మీ అత్తగారిని చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కానీ మీరు "అంతే" అని వదిలేసిన ఆ గ్యాస్ బిళ్ళ దగ్గరే నా అనుమానం ఆగింది.

నోట్లోంచి లోపలికి వెళ్ళిన క్రిమికి మొదట ఎదురయ్యేది పొట్టలోని ఆమ్లం. పరగడుపున దాని పీహెచ్ (ఆమ్లం ఘాటుని చెప్పే లెక్క, అంకె తగ్గేకొద్దీ ఘాటెక్కువ) ఒకటిన్నర, రెండు దగ్గర ఉంటుంది. నిమ్మరసం కన్నా ఘాటన్నమాట. నీళ్ళతోపాటు లోపలికి వెళ్ళిన క్రిముల్లో చాలా వాటి కథ అక్కడే ముగుస్తుంది. కలరా క్రిమి సంగతే చూడండి. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లు తెలిసే ఆ క్రిములను తాగడానికి ఒప్పుకుని చేసిన పరీక్షలున్నాయి. మామూలుగా తాగినవాళ్ళకి జబ్బు చేయాలంటే క్రిములు కోట్ల మీద కోట్లు కావాల్సి వచ్చింది. ముందుగా సోడా బైకార్బొనేట్ తాగించి పొట్టలో ఆమ్లం విరిచేస్తే, కొన్ని లక్షలే సరిపోయాయి. మనిషీ అదే, క్రిమీ అదే. మారింది ఆమ్లం ఒక్కటే.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి బిళ్ళలు చేసే పని ఆ ఆమ్లాన్ని తగ్గించడమే. అల్సర్ ఉన్నవాళ్ళకి అవి ప్రాణం నిలిపే మందులు, వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ మన పల్లెల్లో వాటిని వాడే తీరు చూస్తే భయం వేస్తుంది. నా దగ్గరకి వచ్చే పెద్దవాళ్ళు మందులన్నీ ఒక క్యారీబ్యాగులో వేసుకొస్తారు. బల్ల మీద బోర్లిస్తే బీపీ మందు స్ట్రిప్పులో సగం అలాగే ఉంటుంది. గ్యాస్ బిళ్ళ స్ట్రిప్పు మాత్రం ఖాళీ, దానికి రబ్బరు బ్యాండు వేసి ఇంకో రెండు కొత్తవి. "ఎవరు రాశారండీ?" అంటే ఎప్పుడో కాలునొప్పి బిళ్ళలకి తోడుగా వారం రోజులకి రాసిచ్చారంటారు. ఆ వారం కాస్తా ఏళ్ళయిపోతుంది. ఈ బిళ్ళలు రోజూ వాడేవాళ్ళలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి పేగు ఇన్ఫెక్షన్లు ఎక్కువని చాలా దేశాల పరిశీలనల్లో తేలింది. వయసు మీద పడ్డకొద్దీ కొందరిలో ఆమ్లం దానంతటదే తగ్గుతుంది కూడా.

అయితే ఈ ఉత్తరం చదివి ఎవరూ బిళ్ళ ఠక్కున మానేయకండి. గుండెజబ్బుకి ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి, అల్సర్‌తో రక్తం పడినవాళ్ళకి అది అవసరం. మీ డాక్టర్ని ఒక్కమాట అడగండి: "ఇది నాకు ఇంకా కావాలా?" చాలామందికి అక్కర్లేదనే చెబుతారు. కొందరికి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మీ పిల్లలు ఎలా తప్పించుకున్నారని కూడా మీరు ఆలోచిస్తూ ఉండి ఉంటారు. ఆమ్లాన్ని దాటి వచ్చిన క్రిములకి చిన్నపేగులో ఇంకా చాలా అడ్డంకులున్నాయి. పేగు లోపలంతా జిగురు పూత. దాని కిందుండే కణాల పొర మూడు నుంచి ఐదు రోజుల్లో మొత్తం కొత్తదైపోతుంది. క్రిమి పట్టుకుని వేలాడిన కణమే రాలిపోతే ఇక అదెక్కడ ఉంటుంది? పేగు మడతల అడుగున పనెత్ కణాలని ఉంటాయి. 1888లో వాటిని వర్ణించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త జోసెఫ్ పనెత్ పేరే వాటికి పెట్టారు. క్రిముల పైపొరకి చిల్లులు పెట్టే పదార్థాలు అవి వదులుతుంటాయి. ఐజీఏ అనే యాంటీబాడీని మన పేగులు రోజుకి కొన్ని గ్రాముల చొప్పున లోపలికి చిమ్ముతాయి. అది క్రిములకి అంటుకుని, అవి పేగు గోడని పట్టుకోకుండా చేస్తుంది. ఏమీ తినకుండా ఉన్నప్పుడు సుమారు గంటన్నరకోసారి పొట్ట నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక బలమైన కదలిక పాకి, మిగిలినదంతా కిందికి ఊడ్చేస్తుంది. విరేచనం కూడా శరీరం క్రిముల్ని బయటికి తోసే పద్ధతే. అందుకే పిల్లలకి మోషన్లు కట్టేసే బిళ్ళలు వేయవద్దని మొత్తుకుంటాం.

ప్రశ్న: అయ్యా/అమ్మా, మాది రాజోలు దగ్గర పల్లె. మూడెకరాల వరి. మా బాబుకి ఆరేళ్ళు. ఒకరోజు నాలుగైదు సార్లు నీళ్ళగా మోషన్స్ అయితే ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఇంజెక్షను చేసి, యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. తగ్గింది. రెండు వారాలకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మందు. ఇప్పుడు నెలలో ఏదో ఒక గొడవే. మందు పవర్ చాలడం లేదా? ఇంకా పెద్ద మందు వాడమంటారా?
– ఒక తండ్రి

జవాబు: వద్దు నాయనా. దయచేసి ఇంకా పెద్ద మందు జోలికి పోవద్దు. నెల నెలా వస్తోందంటే పిల్లాణ్ణి ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి, బరువు చూసి, మోషన్ పరీక్ష చేయించాలి. అది చేయించండి. ఈలోగా మందు గురించి నేను చెప్పేది వినండి.

పెద్దపేగులో మనతోపాటు బతికే బాక్టీరియా ఉంటాయి. ఇజ్రాయెల్ వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషిలో దాదాపు 38 లక్షల కోట్లు. అంటే మన సొంత కణాల కన్నా కాస్త ఎక్కువే. అన్నీ కలిపి తూస్తే 200 గ్రాములు. అవి ఊరికే ఉండవు. మీరు రైతు కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది: ఊడ్పులు ఒత్తుగా పడి పిలకలు వేసిన చేలో ఊద కలుపుకి చోటూ ఉండదు, ఎండా తగలదు, ఎరువూ దక్కదు. కొత్తగా వచ్చిన రోగక్రిమికీ పేగులో అదే పరిస్థితి. తినడానికి దొరికేదంతా అక్కడున్నవి ముందే తినేస్తాయి. పీచుని పులియబెట్టి అవి చేసే ఆమ్లాలు సాల్మొనెల్లా లాంటివాటిని ఎదగనివ్వవు. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు కణాలకి అసలైన తిండి. ఆ కణాలు దాన్ని వాడుకుంటూ ఆక్సిజన్ అంతా లాగేస్తాయి కాబట్టి లోపల గాలి ఉండదు. గాలి ఉంటే బలిసే రోగక్రిములకి అది కష్టకాలం.

యాంటీబయాటిక్ లోపలికి వెళితే మంచిదీ చెడ్డదీ చూడదు. ఈ సంగతి ఇప్పుడు కొత్తగా తెలిసింది కాదు. 1954లో చికాగోలో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. మామూలు ఎలుకకి సాల్మొనెల్లా సోకాలంటే నోటిద్వారా లక్ష క్రిముల దాకా ఇవ్వాల్సి వచ్చింది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇచ్చాక పదికి లోపు క్రిములే చాలాయి. లక్ష ఎక్కడ, పది ఎక్కడ! నేను మెడిసిన్ చదివేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంగా చదివి వదిలేశాం. ఇప్పుడు ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతున్నాను.

మందు ఆపగానే అవన్నీ తిరిగి వచ్చేస్తాయా? చాలావరకు వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులకి నాలుగు రోజులు బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసిన ఒక పరిశీలన 2018లో వచ్చింది. నెలన్నరకి దాదాపు మామూలు స్థితి వచ్చింది, కానీ ముందు అందరిలో ఉన్న తొమ్మిది రకాలు ఆరు నెలలకి కూడా చాలామందిలో కనిపించలేదు. పెద్దవాళ్ళకే నెలన్నర పడితే, మీ బాబుకి రెండు వారాలకోసారి అదే మందు పడుతోంది. కోలుకునే వ్యవధి ఎక్కడ?

పిల్లలకి వచ్చే నీళ్ళ విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మీ బాబుకి మొదటిసారి తగ్గింది మందు వల్ల కాకపోవచ్చు, దానంతటదే తగ్గే రోజుకి మందు అడ్డం వచ్చి పేరు కొట్టేసి ఉండొచ్చు. మోషన్‌లో రక్తం, కలరా అనుమానం, టైఫాయిడ్ అని తేలడం లాంటివి ఉంటే యాంటీబయాటిక్ తప్పదు. అప్పుడు నేనే రాస్తాను, చెప్పినన్ని రోజులూ వాడమంటాను.

మిగతా అన్నింటికీ ఓఆర్ఎస్. దీన్ని మనవాళ్ళు చాలా తేలిగ్గా తీసిపారేస్తారు, "సూదివ్వకుండా పొడి ప్యాకెట్టు చేతిలో పెట్టింది" అని నా వెనకాల అనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్లు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోసి తాగించారు. అప్పటిదాకా నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. మన దేశం ఆయనకి పద్మవిభూషణ్ ఇచ్చింది 2023లో, ఆయన పోయాక. ఉప్పూ గ్లూకోజూ జతగా ఉంటేనే పేగు రెండింటినీ లోపలికి లాక్కుంటుంది, నీళ్ళు వాటి వెంటే వెళతాయి. ఎంత విరేచనం అవుతున్నా ఆ దారి మూసుకుపోదు. ఒక ప్యాకెట్టు మొత్తం సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో కలపండి. గ్లాసులో కాస్త పొడి వేసి కలిపితే లెక్క తప్పుతుంది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. దానితోపాటు జింకు బిళ్ళ 20 మిల్లీగ్రాములు రోజుకొకటి, 14 రోజులు. మోషన్లు ఆగాక కూడా కోర్సు పూర్తి చేయండి. రెండూ పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. పెరుగన్నం, జావ మామూలుగా పెట్టండి, లంఖణం వద్దు.

పిల్లాడు మత్తుగా పడుంటే, కళ్ళు లోపలికి పోతే, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటే, తాగలేకపోతే, మోషన్‌లో రక్తం పడితే మాత్రం ఆ రాత్రి తెల్లారేదాకా చూడొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: టీవీలో ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ ప్రకటనలు చూస్తున్నాను. మా అమ్మమ్మ తరవాణి కుండ పెట్టేది. రెండూ ఒకటేనా? రోజూ క్యాప్సూల్ వేసుకోమంటారా?
– రిటైర్డ్ టీచరు, తణుకు

జవాబు: ఒకటి కాదు మాస్టారూ. క్యాప్సూల్‌లో ఏ రకం బాక్టీరియా ఎన్ని ఉన్నాయో రాసి ఉంటుంది. తరవాణి కుండలో ఏమున్నాయో ఆ కుండకీ ఆ ఇంటికీ మాత్రమే తెలుసు. గంజీ, అన్నం పులిసి, దబ్బాకుల వాసనతో ఉండే ఆ పుల్లటి నీళ్ళు ఎండాకాలం ఒంటికి హాయే. కుండ శుభ్రంగా ఉండి, పోసిన నీళ్ళు కాచినవైతే నాకు అభ్యంతరం లేదు. చద్దన్నంలో పెరుగు కలిపి ఉల్లిపాయ నంజుకోవడం అంతకన్నా మంచిది. పెరుగులోని బాక్టీరియా పేగులో కాపురం పెట్టవు, దారిన పోతూ కొంత మేలు చేసి వెళతాయి. అందుకే రోజూ తినాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు క్యాప్సూల్స్‌కి డబ్బు పోయనక్కర్లేదని నా అభిప్రాయం. యాంటీబయాటిక్స్ తర్వాత ప్రోబయోటిక్ వాడినవాళ్ళలో సొంత బాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైందని 2018లో వైజ్‌మన్ సంస్థవారే చూపించారు. చూసింది కొద్దిమందినే, కానీ ఆలోచించాల్సిన విషయం.

లోపలున్నవాటికి తిండి పెట్టడం మీద శ్రద్ధ పెట్టండి. వాటి తిండి పీచు. 2016లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం నన్ను చాలా కదిలించింది. పీచు అస్సలు లేని మేత పెడితే, ఆకలేసిన బాక్టీరియా పేగు మీది జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడ్డాక రోగక్రిమిని ఇస్తే ఆ ఎలుకలకి జబ్బు బాగా ముదిరింది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మూడుపూటలా తిని, కూర వేలితో అద్దుకునే అలవాటున్న మన జిల్లాలకి ఇది చాలా అవసరమైన మాట. తేగలు, కంద, పనసపొట్టు, గోంగూర, పప్పులు, కొబ్బరి, అన్నీ మన చేతికందేవే. రావులపాలెం మార్కెట్‌లో గెలలు గెలలుగా దొరికే పచ్చి అరటికాయ ఉంది చూశారూ, దానిలోని పిండిపదార్థంలో కొంత చిన్నపేగులో అరక్కుండా నేరుగా పెద్దపేగు బాక్టీరియాకి చేరుతుంది. విరేచనాలు ఎన్నాళ్ళకీ తగ్గని పిల్లలకి బంగ్లాదేశ్ డాక్టర్లు అన్నంలో ఉడికించిన పచ్చి అరటికాయ కలిపి పెట్టి మంచి ఫలితం చూశారు, 2001లో ప్రచురించారు. మన ఇళ్ళలో బాలింతకీ జబ్బుపడి లేచినవాళ్ళకీ అరటికాయ కూర పెట్టడం నాకు ఇష్టం.

ప్రశ్న: మా అమ్మాయికి నెలలు నిండాయి. పుట్టగానే తేనె నాకించాలని, ముర్రుపాలు పిండి పారేయాలని ఇంట్లో పెద్దావిడ పట్టుబడుతున్నారు. ఏంచేయమంటారు?
– ముమ్మిడివరం నుంచి ఒక తల్లి

జవాబు: పెద్దావిడకి నా మాటగా చెప్పండమ్మా, రెండూ వద్దు. తేనెలో బాట్యులినమ్ అనే క్రిమి బీజాలు ఉండొచ్చు. మనం తింటే మన పేగులో ఉన్న బాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వవు. పసిబిడ్డ పేగులో ఆ కాపలా ఇంకా ఏర్పడలేదు. అవి అక్కడ మొలిచి, విషం వదిలి, బిడ్డ ఒళ్ళు వాలిపోయే ప్రమాదం ఉంది. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా పెట్టకూడదు.

ముర్రుపాలలో ఇందాక చెప్పిన ఐజీఏ నిండుగా ఉంటుంది. తల్లి ఏ ఊళ్ళో ఏ క్రిముల మధ్య తిరిగిందో వాటికి సరిపడే యాంటీబాడీలే అందులో ఉంటాయి. ఇంకో అద్భుతం ఏమిటంటే, తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు ఎన్నో రకాలున్నాయి. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులో చేరే బిఫిడో బాక్టీరియా కోసం. మన పక్కనే ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మంది నవజాత శిశువులతో చేసిన పరిశోధన 2017లో వచ్చింది. పుట్టిన కొద్ది రోజుల్లో సగం మందికి ఒక రకం లాక్టోబాసిల్లస్ బాక్టీరియాని దాని తిండితో కలిపి వారం ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షను వచ్చినవాళ్ళూ చనిపోయినవాళ్ళూ కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. అందులో పాల్గొన్న పిల్లలంతా తల్లిపాలు తాగేవాళ్ళే. అది చదివి మందుల షాపులో ఏదో కొని బిడ్డకి పోయకండి, అక్కడ వాడిన రకం వేరు, పద్ధతి వేరు. గంటలోపు రొమ్ము పట్టించండి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు.

ప్రశ్న: ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలాన్ని రోగికి మందుగా ఇస్తారట, నిజమా?
– డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి

జవాబు: నిజమే బాబూ. యాంటీబయాటిక్స్ వాడకం వల్ల పేగులు ఖాళీ అయినవాళ్ళని సి.డిఫిసిల్ అనే క్రిమి పట్టుకుంటుంది, కొందరికి ఎన్నిసార్లు మందు వాడినా తిరగబెడుతుంది. నెదర్లాండ్స్‌లో 2013లో అలాంటి 16 మందికి, పరీక్షించిన దాత మలాన్ని శుద్ధి చేసి గొట్టం ద్వారా చిన్నపేగులోకి ఎక్కించారు. 15 మందికి నయమైంది. పెద్ద ఆసుపత్రిలో, దాతకి అన్ని పరీక్షలూ చేశాకే చేసే పని ఇది.

ప్రశ్న: మేం చిన్నప్పుడు కాలవ నీళ్ళు దోసిళ్ళతో తాగి రాయిలా ఉన్నాం. ఇప్పటి పిల్లలు మినరల్ వాటర్ తాగి ముక్కుతూ మూలుగుతూ ఉన్నారు. క్రిములు మంచివే అయినప్పుడు కాచిన నీళ్ళు ఎందుకండీ?
– భీమవరం దగ్గర నుంచి ఒక పెద్దాయన

జవాబు: బాబాయిగారూ, మీతోపాటు ఆ నీళ్ళు తాగి అయిదేళ్ళు నిండకుండా పోయినవాళ్ళు ఉత్తరం రాయలేరు కదా. మీ తరంలో ఇంటికి ఒకరిద్దరు పసివాళ్ళు అలా పోయారని మీకే తెలుసు.

మేలుచేసే బాక్టీరియా తల్లి నుంచి, ఇంట్లోవాళ్ళ నుంచి, తిండి నుంచి వస్తాయి. దొడ్లు, మురుగు కలిసిన కాలవలోంచి వచ్చేవి టైఫాయిడ్, కామెర్లు, కలరా. మురికినీళ్ళు రోజూ తాగే పిల్లలకి విరేచనాలు లేకపోయినా చిన్నపేగు లోపలి సన్నటి మొనలు అరిగిపోయినట్టవుతాయి. తిన్నది వంటపట్టదు, ఎదుగుదల ఆగుతుంది, నోట్లో వేసే టీకా చుక్కలూ సరిగా అంటవు. పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి వేసే టీకా చుక్కలు 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. మన దేశంలో తయారైన ఆ టీకా తీవ్రమైన జబ్బుని సగానికి పైగా ఆపుతుంది. సంపన్న దేశాల్లో ఇలాంటి టీకాలే ఇంకా బాగా పనిచేస్తున్నాయి. ఆ తేడాకి ఇదీ ఒక కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం.

నీళ్ళు తెర్లేదాకా కాచి, మూతపెట్టి, కాడ ఉన్న గరిటెతో ముంచుకోండి. వరదలో పొయ్యి వెలగని రోజు క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. అదీ దొరక్కపోతే ఉతికిన పాత నూలుచీర నాలుగైదు మడతలు వేసి వడకట్టండి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా వడకట్టిన ఇళ్ళలో కలరా దాదాపు సగానికి తగ్గింది. ఆ నీళ్ళకి అంతకన్నా గ్యారంటీ ఇవ్వలేను కాబట్టి, పొయ్యి అంటుకున్న మరుక్షణం మళ్ళీ కాచే తాగండి. మనవలు బురదలో ఆడితే ఆడనివ్వండి, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడిగించండి చాలు.